అక్క పంపిన దినార్లు ఏ రేటున తిరిగివ్వాలి?

ప్రశ్న: రాజంపేట వైపు పల్లె నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు 47 ఏళ్లు, చిన్న ఎరువుల దుకాణం నడుపుతున్నారు. ఆయనకంటే ఆరేళ్లు పెద్దదైన అక్క 1998లో ఇంటిపనికి కువైట్ వెళ్లింది. అప్పుడు ఆమె జీతం నెలకు 45 దినార్లు. 2000లో తండ్రి గుండె ఆపరేషన్‌కు 500 దినార్లు పంపింది. ఊరి బయట 6 సెంట్ల జాగా కొనడానికి 2001లో 400, 2002లో 300 పంపింది. మొదటి రెండూ డ్రాఫ్టుల మీద వచ్చాయి, చివరిది హుండీలో, అంటే బ్యాంకుతో పని లేకుండా ఏజెంట్ల చేతుల మీదుగా వచ్చింది. రూపాయల్లో మొత్తం 1,81,800. జాగా ఖరీదు అప్పట్లో 1,80,000. అందులో అక్క డబ్బు 1,08,800 కాగా, మిగతాది ఈయన చీటీ పాడి కట్టారు. రిజిస్ట్రేషన్ ఈయన పేరునే అయింది. ఇప్పుడు అటు బైపాస్ వచ్చి సెంటు 6 లక్షలు పలుకుతోంది.

మోకాళ్లు అరిగిపోయి అక్క పోయినేడు పూర్తిగా తిరిగొచ్చేసింది. "నేను పంపింది దినార్లు, 1,200 దినార్లే లెక్క" అంటోంది. దినార్ 280 అనుకుంటే 3,36,000 అవుతుంది. "మనకు ముట్టింది 1,81,800, వడ్డీ మాట ఎప్పుడూ రాలేదు" అంటుంది ఈయన భార్య. "రేట్లూ గీట్లూ వద్దు, జాగాలో సగం రాయించండి" అంటాడు బావ. మధ్యవర్తిగా వచ్చిన మేనమామ పాత రేటుకూ కొత్త రేటుకూ నడుమ 215 ఖరారు చేసుకోమన్నాడు. నాలుగు మాటలూ కలవక అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోవడం మానేశారు. అమ్మ రెండిళ్ల మధ్య నలిగిపోతోంది. "ఏ రేటు న్యాయం? అసలు దినార్ ఇంత ఎందుకు పెరిగింది? ఇరవై ఏళ్లు అడగని మనిషి ఇప్పుడు అడగొచ్చా?" అని అడుగుతూ, అప్పటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ జిరాక్స్ కూడా జతచేశారు.

సమాధానం: మీ ఇంట్లో అందరూ రేటు పట్టుకునే కొట్లాడుకుంటున్నారు కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

పీవీ హయాంలో రూపాయి విలువ తగ్గించినప్పటి నుంచే దినార్ ఎక్కి కూర్చుందని మీ మామ అన్నారని రాశారు. ఈ కథ అంతకంటే చాలా పాతది. 1961 దాకా కువైట్ బజారులో చెల్లింది మన రూపాయే. బంగారం దొంగరవాణా వల్ల రూపాయలు అటు తరలిపోతున్నాయని, 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరుగా నోట్లు అచ్చువేసింది. 1961లో కువైట్ సొంతంగా దినార్ తెచ్చుకున్నప్పుడు 13 రూపాయల 33 పైసలకు ఒక దినార్ చొప్పున మార్చారు. అప్పట్లో బ్రిటిష్ పౌను విలువా అంతే. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 నుంచి 7.50కి, దినార్ 21కి చేరాయి. మీ మామ చెప్పింది 1991 జూలై 1, 3 తేదీల సంగతి. పీవీ ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రి. రెండు విడతల్లో డాలరు 21 నుంచి 26 దగ్గరికి వచ్చింది. 1993 మార్చిలో రేటును మార్కెట్‌కు వదిలేశాక డాలరు 31 అయింది, దినార్ వంద దాటింది. మీ అక్క విమానం ఎక్కేనాటికి దినార్ 140కి దగ్గరలో ఉంది.

కువైట్ తన దినార్‌ను కొన్ని పెద్ద దేశాల కరెన్సీలకు కలిపి ముడివేసి ఉంచుతుంది. 2003 జనవరి నుంచి 2007 మే దాకా ఒక్క డాలరుకే ముడివేసింది. అందుకే ఈ పాతికేళ్లలో దినార్ సుమారు మూడుంపావు డాలర్లకూ మూడుముప్పావు డాలర్లకూ మధ్యే తిరిగింది. దినార్ పెరిగిందని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం డాలరు ముందు రూపాయి తగ్గడమే. దినార్ కూడా రాయి కాదు లెండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక కొన్ని నెలలు ఆ నోట్లు చేతిలో ఉన్నవాళ్ల పరిస్థితి ఎలా ఉండిందో, ప్రాణాలు దక్కించుకుని తిరిగొచ్చిన వాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, అడిగితే చెప్తారు. విముక్తి తర్వాత 1991లో కొత్త నోట్లు వచ్చాయి.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వద్దాం. అక్క ఆఖరి 300 దినార్లు పంపిన 2002లో డాలరు 48, 49 మధ్య ఉంది, దినార్ 160. ఐదేళ్లు గడిచాక, 2007 చివర, డాలరు 39 చిల్లరకు దిగింది. దినార్ 145 దగ్గర ఆగింది. అక్క అప్పుడే తిరిగొచ్చి "నా 300 దినార్లు ఇవ్వు" అని ఉంటే మీరు 48,000 తీసుకుని 43,500 ఇచ్చేవారు. ఆ రోజు మీ ఆవిడే "దినార్లే కదా వదినా లెక్క" అనేది, "మీకు ముట్టింది రూపాయలు కాదా" అని మీ బావ గొంతు పెంచేవాడు. మీ ఆవిడను నొప్పించాలని అనడం లేదు, ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అందును. అదే 2013 ఆగస్టులో అడిగి ఉంటే, డాలరు 68 దాటి, దినార్ 240 దగ్గరికి పోయిన రోజులవి. బాకీ ఒకటే, మనుషులూ వాళ్లే. అడిగిన నెలను బట్టి న్యాయం అటూ ఇటూ మారిపోతోందంటే, అసలు చూడాల్సింది రేటును కాదని తెలియడం లేదా?

మామగారి 215కూ ఇదే ఇబ్బంది. రెండు లెక్కలకూ నడుమ తెగ్గొడితే ఇద్దరికీ సమానమనిపిస్తుంది. కానీ ఆ రెండు లెక్కలూ దేన్ని కొలుస్తున్నాయో ఎవరూ చూడలేదు.

అక్క ఆ దినార్లను పెట్టెలో దాచుకునేది కాదు. మీకు పంపకపోయి ఉంటే ఇక్కడే ఏ బ్యాంకులోనో వేసుకునేది, లేదా బంగారం కొనుక్కునేది. 2001 నుంచి ఇప్పటిదాకా దినార్ 152 నుంచి 280కి వచ్చింది, రెట్టింపు కూడా కాలేదు. ఏడాదికి రెండున్నర శాతం చిల్లర పడుతుంది. బ్యాంకు డిపాజిట్ సగటున 7 శాతం అనుకుని చక్రవడ్డీ కట్టండి, 24 ఏళ్లకు ఐదు రెట్లవుతుంది. వడ్డీ ఊసే వద్దు, ధరలు పెరిగినంత మాత్రం చూద్దామన్నా, ఆస్తుల పన్ను లెక్కకు ఆదాయపు పన్ను శాఖ వాడే సూచిక ఉంది. 2001-02లో అది 100, 2024-25లో 363. జాగాకు వచ్చిన 1,08,800 రూపాయలను దాంతో కొలిస్తే దాదాపు 3,95,000. అదే 700 దినార్లను ఇవాళ్టి 280తో కొలిస్తే 1,96,000 మాత్రమే.

అంటే "దినార్లే లెక్క" అంటున్న మీ అక్క అడగగలిగిన దాంట్లో తక్కువే అడుగుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. 3,36,000 అనగానే రెట్టింపు అడుగుతోందని మీ ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఆ 1,200 దినార్లు ఆమెకు అప్పట్లో దాదాపు 27 నెలల జీతం. ఆ పని ఎంత చవకో తెలియాలంటే ఇది చూడండి: ఇంటిపనివాళ్లకు కువైట్ ప్రభుత్వం కనీస జీతం నిర్ణయించింది 2016లో, అది 60 దినార్లు.

ఇక మీరు పంపిన పేజీ. మీ చేతిరాతే కదా అది. 2001 పద్దు దగ్గర "అక్క 400 ది." అని, పక్కనే 60,800 అని ఉంది. 2002 దగ్గర "అక్క 300 ది." అని మాత్రమే ఉంది, రూపాయలు రాయలేదు. ఎరువుల బాకీలన్నీ ఆ పేజీలో రూపాయల్లోనే ఉన్నాయి. ఆపరేషన్ డబ్బు పద్దు ఆ పేజీలో లేదు. వేరే పేజీలో ఉందో, అసలు రాయలేదో మీకే తెలియాలి. రాయకపోయి ఉంటే, అది అప్పని మీరు అప్పుడు అనుకోలేదన్న మాట. జాగా డబ్బు మాత్రం తిరిగివ్వాల్సిందేనని అనుకున్నారు, అదీ దినార్లలోనే అనుకున్నారు. ఇవాళ "మనకు ముట్టింది రూపాయలే" అంటే ఈ పేజీ మీ మీదే సాక్ష్యం చెప్తుంది.

అయినా నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ పేజీ కూడా కాదు. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం అలా రాసి వదిలేశారు. 2001లో ఫోన్లో అక్క అన్న మాట: "జాగా కొనెయ్ అబ్బీ, ఎవరి పేరైతే ఏముంది, నేను వచ్చినాక చూసుకుందాం." అప్పు ఇచ్చేవాళ్లు ఇలా అంటారా? "ఎవరి పేరైతే ఏముంది" అంటే అందులో తనకూ భాగం ఉందనుకునే మనిషి మాట లాగానే ఉంది. "చూసుకుందాం" అనడంలో వాటా ఉండొచ్చు, అప్పు ఉండొచ్చు, తమ్ముడికి సాయం కూడా ఉండొచ్చు. ఆ ఒక్క మాట ఇద్దరూ తేల్చుకోకపోవడం వల్లే ఇవాళ రేట్ల దగ్గర కొట్లాట నడుస్తోంది. బావ కోరిక దురాశలా మీకు కనబడుతోంది. లెక్క ప్రకారం జాగా ఖరీదులో అక్క డబ్బు 60 శాతం. ఆయన సగం అడిగాడు.

అలాగని వెంటనే సగం రాసిచ్చేయమని చెప్పను. ఇన్నేళ్లు జాగాను కాపాడింది మీరు, పన్ను కట్టింది మీరు, ఆక్రమణ రాకుండా చుట్టూ కడ్డీలు పాతించింది మీరు. అమ్మానాన్నలను చూసుకుంది కూడా మీరే. అక్క దగ్గర లేని లోటు మీ ఆవిడ తీర్చింది. "ముట్టిందే ఇస్తాం" అన్న ఆమె మాట వెనక ఆ కష్టం ఉండి ఉంటుంది. ఆ మాట ఎవరూ ఒప్పుకోనందుకే ఆమె 1,81,800 దగ్గర గట్టిగా కూర్చున్నదేమో, ఒకసారి నిదానంగా అడిగి చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను, వాటితో వచ్చేవీ చెప్తాను.

ముట్టిన రూపాయలే ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. చట్టం మిమ్మల్ని పెద్దగా ఆపదు. చేబదులుకు దావా గడువు మూడేళ్లు, అదెప్పుడో దాటిపోయింది. జాగా మీ పేరున ఉంది, బినామీ చట్టం వల్ల అక్క కోర్టుకెళ్లి దాన్ని రాబట్టుకోవడం కూడా తేలిక కాదు. దీని మీద గట్టి మాట కావాలంటే కాగితాలు తీసుకుని వకీలును కలవండి. "ఇరవై ఏళ్లు అడగలేదు" అన్నది కోర్టులో పనికొచ్చే మాట. ఇంట్లో మాత్రం, ఇరవై ఏళ్లు అడగకుండా ఉండటం ఆమె మంచితనమే అవుతుంది. ఈ దారిలో డబ్బు మిగులుతుంది, అక్క మిగలదు. అమ్మ ఉన్నన్నాళ్లు పండగలకు ఎవరింటికి పోవాలో ఆమెకు తెలియదు.

అక్క అడిగినట్టే 1,200 దినార్లకు ఇవాళ్టి రేటు కట్టి ఇస్తే గొడవ తొందరగా తెగుతుంది. ఆమె మాట నెగ్గినట్టు ఉంటుంది, మీకు భారమూ తక్కువే. కానీ ఇది ఆమెకు నష్టమని ఇప్పుడు మీకు తెలిసిపోయింది. తెలిసీ చెప్పకుండా ఇచ్చేస్తే, రేపు ఆమె కొడుకో కోడలో ఇదే లెక్క వేసి చూపించిన రోజున పరిస్థితి ఇప్పటికంటే చెడుతుంది.

ధరలు పెరిగినంత కలిపి ఇవ్వడం ఇంకో దారి. ఇందులో ఆపరేషన్ డబ్బును విడిగా పెట్టండి. ఆ 73,000 ఆమె తన తండ్రికే పెట్టుకుంది. అందులో సగం మీ బాధ్యత అనుకుని కట్టినా దాదాపు 1,32,000 అవుతుంది, జాగా డబ్బుతో కలిపి ఐదుంపావు లక్షలు. అక్కే "నాన్నకు పెట్టింది లెక్కలోకి వద్దు" అనవచ్చు. ఆ మాట మాత్రం ఆమె నోటి నుంచే రావాలి, మీరు ముందే తీసేయకూడదు. మీ పరిస్థితిలో ఐదు లక్షలు ఒక్కసారి పెట్టడం కష్టమని రాశారు. వాయిదాలు పెట్టుకోండి, నెలనెలా దినార్ రేటు చూసి కడతానని మాత్రం ఒప్పుకోవద్దు. అలా ఒప్పుకుంటే ప్రతి నెలా ఒకటో తారీఖున ఇదే తగాదా మళ్లీ మొదలవుతుంది.

నాలుగోది నేల ఇవ్వడం. అక్కకు సొంత ఇల్లు లేదని, బావ వాళ్ల ఉమ్మడి ఇంట్లో ఒక గదిలో ఉంటోందని రాశారు. ఆమెకు ఇల్లు కట్టుకునే ఉద్దేశం ఉంటే, 6 సెంట్లలో రెండో రెండున్నరో ఆమె పేరున, బావ పేరున కాదు, గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయించడం గురించి ఆలోచించండి. రెండున్నర సెంట్లు అంటే ఇవాళ 15 లక్షలు. మీకు మిగిలేది మూడున్నర, ఇరవై ఒక్క లక్షలు. మీరు పెట్టిన 71 వేలకు అదీ తక్కువేం కాదు. అక్కాతమ్ముళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే దానికి ఆదాయపు పన్ను పడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎంతో దస్తావేజు రాసేవాళ్లు చెప్తారు. చిక్కు ఏమిటంటే, మీ కూతురి పెళ్లికి ఆ జాగా మొత్తం అమ్ముదామనుకున్నారు. ముక్క చేస్తే రోడ్డు వైపు ఎవరికి అన్న పేచీ వస్తుంది, మిగిలిన ముక్కకు ధర తగ్గవచ్చు. ఇల్లు కట్టే ఆలోచన అక్కకు లేకపోతే ఈ దారి వల్ల లాభం లేదు, ఆ జాగా రేపు బావ అమ్మేస్తాడు. అలాంటప్పుడు, జాగా అమ్మిన రోజున ఇంత భాగం అక్కదని ఇప్పుడే రాసుకోవడం నయం. ఆమె అప్పటిదాకా ఆగాలి, మీరు అప్పటిదాకా అప్పు చేయక్కర్లేదు.

నాకు మూడు, నాలుగు దారుల మధ్యే మనసు తిరుగుతోంది. ఏది అన్నది ఫోన్లో అన్న ఆ మాటకు అర్థమేమిటో అక్కనే అడిగాక తేలుతుంది. ఆ మాట అడగడానికి బావ వద్దు, మీ ఆవిడ వద్దు, మామ అసలే వద్దు. అమ్మ దగ్గర మీరిద్దరే కూర్చోండి. లెక్కల పుస్తకం తీసుకెళ్లి ఆ పేజీ ముందు మీరే చూపించండి. "అప్పుడు నువ్వు చూసుకుందాం అన్నావు, ఏమనుకుని అన్నావో చెప్పు" అని అడగండి. ఆమె "నీకు ఇచ్చినా అంతే, ఇప్పుడు కష్టంలో ఉన్నా కాబట్టి అడుగుతున్నా" అనవచ్చు. "నా ఇల్లు అక్కడే అనుకున్నా" అనవచ్చు. ఈ రెండు జవాబులకూ ఒకే మొత్తం సరిపోదు. ఆ తర్వాత మీ ఆవిడకు చెప్పకుండా ఏదీ ఖరారు చేయకండి. ఆమెకు తెలియకుండా చేసిన ఒప్పందం మీ ఇంట్లో నిలవదు.

లెక్క దగ్గర కొన్ని జాగ్రత్తలు. పాత రేట్ల కోసం ఎవరి జ్ఞాపకాన్నీ నమ్మకండి. డాలరు, రూపాయి పాత రేట్లు రిజర్వ్ బ్యాంకు ప్రచురణల్లో దొరుకుతాయి, దినార్‌ది డాలరు మీదుగా కట్టుకోవచ్చు. అయితే కాగితం మీది రేటు వేరు, ఎక్స్ఛేంజ్ వాళ్లు కమీషన్ పట్టుకుని ఇచ్చింది వేరు. డ్రాఫ్టులు జమ అయిన బ్యాంకు పాస్‌బుక్ ఉంటే అందులో పడ్డ రూపాయలే అసలు అంకె. హుండీలో వచ్చిన దానికి ఏ కాగితమూ ఉండదు, ఇద్దరి మాటే ఆధారం. ఆ దారి చట్టవిరుద్ధమని మీకూ తెలుసు, దాన్ని మళ్లీ తొక్కకండి. తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బు నగదుగా చేతిలో పెట్టకండి. 20,000 రూపాయలు, ఆ పైన ఉన్న అప్పును నగదుగా తీర్చడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అక్క ఖాతాకే పంపండి. ఆమెది ఇంకా ఎన్నారై ఖాతాగానే ఉంటే, తిరిగొచ్చేసింది కాబట్టి మామూలు ఖాతాగా మార్పించమని చెప్పండి.

కాగితం రాసేముందు ఇంకో సంగతి. గడువు దాటిన అప్పును తీరుస్తానని మీరు రాసి సంతకం పెడితే అది మళ్లీ చెల్లే అప్పు అవుతుంది, దాని మీద దావా వేయొచ్చు. కాబట్టి కట్టగలిగినంతే రాయండి. మొత్తం రూపాయల్లో వేయండి, ఎన్ని వాయిదాలో, ఏ తేదీకో వేయండి, లెక్కకు ఏ సూచిక వాడారో, ఏ రోజు రేటు చూశారో కింద ఒక వరుసలో రాయండి. ఇద్దరి దగ్గరా చెరొక కాపీ ఉండాలి. మూడో వాయిదా నాటికి దినార్ 300కి పోయినా, 250కి దిగినా కాగితం మీది అంకె మారదని అదే వరుస పక్కన రాయించి, బావ చేత కూడా సాక్షి సంతకం పెట్టించండి.